హాయ్‌కి జవాబు

"చూడు చిన్నమ్మా, గిదేనా మాట్లాడుడంటే? హాయ్ అంట. గంతే!" మా అక్క బిడ్డ ఫోను నా ముందర పెట్టింది. పిల్ల ఉండేది కరీంనగర్ మంకమ్మతోటలో, హాయ్ అన్న పిల్లగాడిది ఆదిలాబాద్. కలిపింది డేటింగ్ యాప్.

నాకైతే ఆ హాయ్ మీద కోపం రాలేదు. మన వాడకట్టులో పొద్దున లేస్తే వినబడేదేమిటి? చేతిలో కూరగాయల సంచి కనబడుతూనే ఉంటుంది, అయినా "మార్కెట్‌కు పోయొచ్చినవా?" అని అడుగుతారు. అది ప్రశ్న కాదు, తలుపు కొట్టిన చప్పుడు. మా అమ్మమ్మ దానికి "ఆఁ" అని ఊరుకునేది కాదు. "పోయొచ్చిన గని, వంకాయ ముట్టుకుంటే కాలుతుంది బిడ్డా" అనేది. ఇంకేముంది, అరగంట గల్మ కాడనే.

ఆ విద్య నాకు అబ్బలేదు. నా మొదటి పెండ్లిచూపుల్లో, పేరు తెలుసుకొని వచ్చిన మనిషే "పేరేంది?" అన్నాడు. చెప్పాను. "ఏం చదివినవ్?" చెప్పాను. తర్వాత ఇద్దరం గోడ మీది క్యాలెండర్ చూశాం. మిగిలిన మాటలన్నీ నడుమ మనిషే మోశాడు. (సంబంధం కుదరలేదు. క్యాలెండర్ తప్పేం లేదు.)

పరిచయానికి మనవాళ్లు ఎప్పుడూ ఒక ఆసరా పెట్టారు. కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశం కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేస్తారు, దాన్ని భేటింగ్ అంటారు. చుట్టూ పెద్దలుంటారు, పిల్ల మాట వెతుక్కోనక్కర్లేదు. యాప్‌లో ఆ పెద్దలు లేరు. అమ్మాయిలే ముందు రాయాలన్న నియమంతో 2014లో వచ్చిన బంబుల్ యాప్ కూడా 2024లో మెత్తబడింది. అమ్మాయి ఒక ప్రశ్న ముందే పెట్టి ఉంచితే, అవతలి మనిషి దానికి జవాబు రాసి మాట కలపొచ్చు. అంటే నడుమ మనిషి పని ఆ ప్రశ్నకు అప్పజెప్పారన్నమాట.

"నేను గూడ హాయ్ అని కొడత."

"కొట్టు. తలుపుకు చెరోవైపు నిలబడి కొట్టుకుంటనే ఉండుండ్రి."

హాయ్‌కి ఎత్తిపొడుపు జవాబైతే ఇంకా చెడ్డది. తలుపు కొట్టినవాడు మెట్లు దిగి పోతాడు. రెండో మాటకే ఫొటోలు అడిగేవాడి సంగతి వేరు, వాడికి జవాబే దండగ.

ఆ రోజు పొయ్యి మీద సర్వపిండి ఉంది. బియ్యప్పిండి ముద్దను గిన్నెకు ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి, నూనె పోసింది పిల్లే. హాయ్ గొడవలో పడి మాడబెట్టిందీ పిల్లే. దాన్నే రాయమన్నాను. నాలుగుసార్లు చెరిపి, చివరికి పంపింది: "హాయ్. మీ మెసేజ్ చూసుకుంట సర్వపిండి మాడగొట్టిన. మీ దిక్కు దీన్నేమంటరు?"

పది నిమిషాలకు ఫోను మోగింది. వాళ్లమ్మ పుట్టిల్లు మహారాష్ట్ర అట. ఇంట్లో థాలీపీఠ్ చేస్తుందట, దానికి నడుమ ఒక్కటే బొక్క పెడుతుందట. మీరెన్ని పెడతరు?

పిల్ల గిన్నె ముందర కూర్చొని లెక్కపెడుతోంది.