బోణీ

బోణీ అంటే వ్యాపారికి ఆ పూట జరిగే మొదటి అమ్మకం. దాని మీద చేతికొచ్చిన డబ్బునూ బోణీ అనే అంటారు. విశాఖపట్నం పూర్ణా మార్కెట్‌లో తెల్లవారగానే కూరగాయల బస్తాలు విప్పిన దగ్గర నుంచి ఈ మాట వినబడుతూనే ఉంటుంది. పొద్దెక్కినా బేరం తగలనివాళ్లు ‘ఇంకా బోణీ అవలేదు’ అంటారు.

మాట ఉత్తరాది నుంచి వచ్చింది. హిందీలో అది ‘బోహనీ’. అక్కడి నిఘంటుకారులు దాన్ని సంస్కృత ‘బోధన’తో కలిపారు, మేల్కొలపడం అనే అర్థమూ దానికుంది. అచ్చుల నడుమ ధకారం హకారం కావడం ప్రాకృతాల్లో మామూలే. దధి దహీ అయింది, వధువు బహూ అయింది. తెలుగులో ఆ హకారమూ జారిపోయి బోణీ మిగిలింది. కావ్యాల్లోని ‘పూబోణి’కి దీనితో చుట్టరికం లేదు, అది స్త్రీని చెప్పే మాట. కొట్టును నిద్రలేపేది మొదటి కొనుగోలే గనుక, ‘బోధన’ వ్యుత్పత్తి బజారుకు చక్కగా అతుకుతుంది.

బోణీకి కట్టుబాట్లున్నాయి. మొదటి నోటును కళ్లకద్దుకుని, కాటాకు తాకించి గల్లాపెట్టెలో వేస్తారు. పూర్ణా మార్కెట్‌కు దగ్గర్లోనే ఉన్న బురుజుపేట కనకమహాలక్ష్మి పటం కొట్టులో ఉంటే ముందు అమ్మవారికి చూపిస్తారు. బోణీ బేరంలో అరువు ఉండదు. ‘బోణీ బేరం తల్లీ, కాదనకు’ అంటూ రూపాయో రెండో తగ్గించైనా ఇచ్చేస్తారు. బేరమాడినవారు కూడా ఊరికే వెళ్లిపోకూడదు. ఆ కాసేపు లాభం లెక్క పక్కకు తప్పుకుంటుంది, కొనేవారు ఇచ్చేవారవుతారు. బోణీలోని గొప్పతనమంతా ఇక్కడే ఉంది.

బోణీ చేసేవారి చెయ్యి మంచిది, చెయ్యి మంచిది కాదు అనే పట్టింపు మాత్రం మనుషుల్ని నొప్పించింది. భర్త పోయిన ఆడవాళ్లను మొదటి బేరానికి రానివ్వని అలవాటు ఈ నమ్మకం నుంచి పుట్టిందే. దాన్ని సంప్రదాయమని వెనకేసుకు రావడం తగదు.

మొదటిదాన్ని మంగళంగా పలకడం ధాన్యం కొలతలోనూ ఉంది. తొలి కుంచాన్ని ‘ఒకటి’ అనరు, ‘లాభం’ అంటారు, తర్వాతిది రెండు. ఏడు అంటే ఏడవమన్నట్టు వినబడుతుందని ‘ఆరున్నొకటి’ అంటారు. స్కాట్లండ్‌లోనూ పొద్దున చేతికొచ్చిన తొలి సొమ్మును ‘హాండ్సెల్’ అని శుభంగా ఎంచేవారు. కొత్త ఏడాది మొదటి సోమవారానికి ఆ పేరే పెట్టుకున్నారు.

మాట ఇప్పుడు బజారు దాటింది. పోటీల్లో తొలి పతకం వస్తే పత్రికలు ‘బోణీ కొట్టారు’ అని రాస్తాయి. అంగడిలో ఫోన్ చెల్లింపులు పెరిగినా, తొలి బేరానికి చేతికి తగిలే నోటే ఇమ్మని అడిగే వ్యాపారులు ఇంకా ఉన్నారు.