టీమ్ ఎల్లిపోనాది

2025 అక్టోబరులో ఒక మధ్యాహ్నం. కవిటిలో మా తోట గట్టు మీద కూర్చుని దింపిన కొబ్బరికాయలు లెక్కపెట్టిస్తున్నాను. హైదరాబాదు నుంచి మేనల్లుడి ఫోన్.

"మావా, టీమ్ ఎల్లిపోనాది."

వాడి గొంతు విని ఇంట్లో ఎవరికో ఏదో అయిందనుకున్నాను. "ఎక్కడికిరా?" అంటే, "ఢిల్లీకట. పేరు కూడా మార్చీసినారు" అన్నాడు. కాయల లెక్క తప్పింది. మళ్ళీ ఒకటి నుంచి మొదలు.

వాడు చెప్పింది హైదరాబాద్ ఎఫ్‌సీ గురించి. ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆరేళ్ళు హైదరాబాదు పేరుతో ఆడిన ఫుట్‌బాల్ క్లబ్బు. ఇప్పుడది స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. అది హైదరాబాదుకు వచ్చిన దారి కూడా ఇలాంటిదే. 2019 ఆగస్టులో ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడితే ఆ ఖాళీలో ఈ క్లబ్బు పుట్టింది. ఆ రోజు పుణెలో కూడా ఏ మేనల్లుడో ఏ మేనమామకో ఫోన్ చేసే ఉంటాడు. మనకి జట్టు వచ్చిందన్న సంబరంలో ఆ సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

మావాడు ఫుట్‌బాల్ అభిమాని అయిన కథలో తుపానుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా ఉద్దానం ప్రాంతాన్ని ఊడ్చేసింది. కొబ్బరి, జీడి, పనస, ఏ చెట్టు పేరు చెప్పినా అది నేల మీదే ఉంది. కొబ్బరి మొక్క నాటితే కాపుకి ఐదారేళ్ళు పడుతుంది. అంతవరకు ఇంట్లో పొయ్యి ఆగదు కదా. మా వైపు చాలామంది కుర్రాళ్ళలాగే వాడూ హైదరాబాదు వెళ్ళి గచ్చిబౌలి వైపు క్యాబ్ నడపడం మొదలుపెట్టాడు. ఊరు కొత్త, గది ఇరుకు, తెలిసినవాళ్ళు లేరు. మరుసటి ఏడు ఈ క్లబ్బూ కొత్తగా వచ్చింది. స్టేడియం దగ్గర ఎవర్నో దింపి, అక్కడ మ్యాచ్ జరగబోతోందని విని, బండి పక్కన పెట్టి టికెట్ కొన్నాడట. ఆ సీజన్ అయ్యేసరికి పసుపు జెర్సీ కూడా కొన్నాడు. హైదరాబాదు ఇప్పుడు మనది కాదు కదరా, వేరే రాష్ట్రం కదా అని నేను ఎగతాళి చేస్తే, "అద్దె కడతన్నాను కదా, మనదే" అన్నాడు.

నన్ను మొదటిసారి స్టేడియానికి తీసుకెళ్ళింది వాడే. 2019 నవంబరు 2, కేరళ బ్లాస్టర్స్‌తో మ్యాచ్. మాకు తెలిసిన ఆట చూడటం వేరు. సంక్రాంతికి ఊళ్ళో వాలీబాల్ పందెం జరిగితే చెట్టు నీడన నిలబడి, పాయింటు పాయింటుకీ ఆటగాడికి సలహా చెప్పి, మధ్యలో టీ తాగి, ఓడిపోయిన జట్టును తిట్టి ఇంటికి పోతాం. గచ్చిబౌలిలో డెక్కన్ లీజియన్ అనే అభిమానుల గుంపు పక్కన నిలబడ్డాక తెలిసింది, అభిమానం కూడా నేర్చుకోవలసిన పని అని. తొంభై నిమిషాలు కూర్చోకూడదు. డప్పు కొట్టేవాడు మైదానం వైపు చూడడు, జనం వైపు చూస్తాడు. ఆటంటే అంత పిచ్చి ఉన్నవాడు ఆటకి వీపు పెట్టి నిలబడతాడు! మన జట్టు గోల్ తిన్న మరుక్షణం పాట ఆగకూడదు, ఇంకాస్త పెరగాలి. అది నాకు అన్నిటికన్నా కష్టమనిపించింది. గోల్ పడగానే నా నోటికి తిట్టొచ్చింది. మావాడు మోచేత్తో పొడిచాడు. ఆ రోజు 2-1తో గెలిచాం. ఆ సీజన్ మొత్తానికి గెలిచినవి రెండే మ్యాచులు, పట్టికలో అట్టడుగు.

ఆ తర్వాత కరోనా. రెండు సీజన్లు లీగ్ మొత్తాన్నీ గోవాలో, ఖాళీ గ్యాలరీల ముందు ఆడించారు. మానోలో మార్క్వెజ్ అనే స్పెయిన్ కోచ్ చేతిలో జట్టు బాగుపడింది కూడా ఆ రోజుల్లోనే. 2022 మార్చి 20న గోవాలోనే, ఫటోర్డాలో ఫైనల్, మళ్ళీ ఆ కేరళ జట్టుతోనే. ఫైనల్‌కి జనాన్ని రానిచ్చారు. కేరళవాళ్ళు పోటెత్తారు. మనవాళ్ళు గుప్పెడు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్ కొట్టి 1-1 చేశాడు. పెనాల్టీల్లో గోల్ కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1. కవిటిలో మా ఇంట్లో టీవీ ముందు నేనొక్కణ్ణే లేచి అరిస్తే, మా ఆవిడ వచ్చి కరెంటు షాక్ కొట్టిందా అని అడిగింది. కప్పు గెలిచిన ఆ సీజన్లో సొంత మైదానంలో ఆ జట్టును చూసిన హైదరాబాదీ ఒక్కడూ లేడు. జట్టు ఇంటికొచ్చి గచ్చిబౌలిలో ఆడిన మరుసటి సీజన్లో రెండో స్థానం. ఇక మనకి తిరుగులేదనుకున్నాం.

2023లో జీతాలు అందడం లేదన్న వార్తలు మొదలయ్యాయి. విదేశీ ఆటగాళ్ళు వెళ్ళిపోయారు, తర్వాత పేరున్న మనవాళ్ళూ వెళ్ళిపోయారు. మిగిలిన కుర్రాళ్ళతో 22 మ్యాచులాడి ఒక్కటి గెలిచారు. ఇక్కడ నా సంగతి చెప్పుకోవాలి. ఆ సీజన్లో నేను టీవీ పెట్టలేదు. ఎరువులు, దింపుడు కూలి, అప్ప ఇంట్లో పెళ్ళి, ఏదో ఒక సాకు. మావాడు మాత్రం క్యాబ్ దిగి వెళ్ళి ఆ ఖాళీ స్టాండులో నిలబడి అరిచాడు. ఓ రాత్రి ఫోన్ చేసి, "ఈయేల మా మాట మాకే తిరిగి ఇనబడింది మావా" అన్నాడు. నేను మాట మార్చాను. గెలిచినప్పుడు ఫటోర్డా ఫైనల్ గురించి ఈ పత్రికలోనే ఒక వారం రాసుకున్నవాణ్ణి, ఓడినప్పుడు ఒక వాక్యం రాయలేదు.

అభిమానంలో మా నాన్న నాకన్నా నయం. ఉద్దానం నుంచి ఖరగ్‌పూర్ రైల్వేకి వెళ్ళినవాళ్ళలో ఆయనొకడు. ఆ ఊళ్ళో తెలుగువాళ్ళు ఎంతమందో, కలకత్తా ఫుట్‌బాల్ పిచ్చి అంత. నాన్నది ఈస్ట్ బెంగాల్ క్లబ్బు. కారణం తులసీదాస్ బలరామ్. సికింద్రాబాదు పక్కన అమ్ముగూడ కుర్రాడు, హైదరాబాదులో ఆట నేర్చుకుని 1957లో ఆ క్లబ్బుకి వెళ్ళాడు. ఇంట్లో తమిళం మాట్లాడినా నాన్న లెక్కలో "మనోడే". ఆ రోజుల్లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు పేరు చెబితే బొంబాయి, కలకత్తా క్లబ్బులు జాగ్రత్తపడేవి. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు! ఆ జట్టుకి కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్, బడిపంతులు. అలవాటు లేని కాలితోనే బంతి తన్నాలని నియమం పెట్టి కుర్రాళ్ళకి పందేలు నడిపిన మనిషి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానం తెచ్చుకున్నదీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారం గెలిచిందీ ఆయన శిక్షణలోనే. జకార్తా నాటికే క్యాన్సర్ ఉంది. మరుసటి ఏడు జూన్‌లో పోయాడు. బలరామ్, హబీబ్, నయీముద్దీన్, ఇంకా ఎందరో కలకత్తా క్లబ్బులకి తరలిపోయారు. ఎల్లిపోవడం హైదరాబాదు ఫుట్‌బాల్‌కి పాత అలవాటే. కాకపోతే అప్పుడు మనుషులు వెళ్ళారు, క్లబ్బు వెళ్ళలేదు.

క్లబ్బు కదలని ఊళ్ళూ ఉన్నాయి. ఆంధ్రా యూనివర్సిటీలో చదివి ఇథియోపియా వెళ్ళి పాఠాలు చెప్పిన తెలుగు మాస్టార్లు చాలామందే. మా బావ ఒకడు. అడిస్ అబాబాలో ఆయన చూసిన క్లబ్బు సెయింట్ జార్జ్. 1935లో, ఇటలీ దండెత్తిన రోజుల్లో పుట్టింది. మరుసటి ఏడే నగరం ఇటలీ సైన్యం చేతికి పోయింది, 1941 దాకా వాళ్ళదే పెత్తనం. ఆ కాలమంతా ఆ జట్టు వెనక నిలబడటమంటే మా దేశం మాదే అని చెప్పడం. ఆ క్లబ్బు ఆటగాడు యిద్నెకాచెవ్ తెస్సెమా తర్వాత ఆఫ్రికా ఫుట్‌బాల్ సమాఖ్యకి అధ్యక్షుడయ్యాడు. వాళ్ళ ప్రత్యర్థి జట్టు పేరు బున్నా, అంటే కాఫీ. ఆ రెండు జట్లూ తలపడిన రోజున క్లాసులో సగం బెంచీలు ఖాళీ అని బావ చెప్పేవాడు. తొంభై ఏళ్ళుగా సెయింట్ జార్జ్‌ది అదే ఊరు.

ఇంగ్లండులో వింబుల్డన్ క్లబ్బుని వేరే ఊరికి తరలించడానికి 2002లో అనుమతిస్తే, అభిమానులు కొన్ని వారాల్లోనే సొంత క్లబ్బు పెట్టుకున్నారు. ఆటగాళ్ళ కోసం ఊరి ఖాళీ మైదానంలో ఎంపికలు పెట్టారు. మన దగ్గర అంత పని జరుగుతుందని నేను అనుకోను. కానీ యజమాని జట్టును అమ్ముకోవచ్చు గాని, ఊరి పేరు చూసి టికెట్ కొన్నవాళ్ళని ఒక్క మాటైనా అడగకుండా తరలించే వీలు ఉండకూడదు. ఆ నిబంధన రాయాల్సింది లీగ్ నడిపేవాళ్ళు.

సంక్రాంతికి వచ్చినప్పుడు మేనల్లుడు అదే పసుపు జెర్సీ వేసుకుని తోటలో తిరిగాడు. తిత్లీ తర్వాత నాటిన చెట్లు కాపుకొచ్చాయి. మరి ఇప్పుడు ఎవరి తరఫున అరుస్తావురా అన్నాను. శ్రీనిధి డెక్కన్ అన్నాడు. హైదరాబాదులో ఇంకో క్లబ్బు అది. 2020లో ఐ-లీగ్ అనే మరో పోటీలోకి ప్రవేశం విశాఖపట్నం పేరు మీద వచ్చింది, స్థిరపడింది మాత్రం హైదరాబాదులో. ఐ-లీగ్‌లో వరసగా రెండేళ్ళు రెండో స్థానం.

"ఈపాలి నువ్వూ రా మావా," అన్నాడు. "ఓడిపోతే మజ్జిలో లెగిసి రాకూడదు, అలాగైతేనే."

ఒప్పుకున్నాను. ఈ దింపు డబ్బు చేతికి రాగానే పలాసలో ఫలక్‌నుమా ఎక్కుతాను.