మృణాల్ సేన్ భాషాంతర ప్రయాణం: ‘ఒక ఊరి కథ’ – ఒక పరిశీలన

మృణాల్ సేన్ (1923–2018) ప్రస్తావన తెలుగులో వచ్చినప్పుడు చర్చ సాధారణంగా మూడు విషయాల దగ్గర ఆగిపోతుంది. అవి ‘ఒక ఊరి కథ’ (1977), ఉత్తమ తెలుగు చిత్రంగా దానికి దక్కిన జాతీయ పురస్కారం, దానికి మూలమైన ప్రేమ్‌చంద్ కథ ‘కఫన్’. తెలుగు రాని దర్శకుడు ఆ కథను తెలుగులోకే ఎందుకు తెచ్చారన్న ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. దీనిని ఒక నిర్మాత ఇచ్చిన అవకాశంగా మాత్రమే చూస్తే సేన్ చిత్రజీవితంలోని ఒక క్రమం మరుగున పడుతుంది.

సేన్ తొలిచిత్రం 1955 నాటిది. కలకత్తా నగరం మీద ఆయన తీసిన ‘ఇంటర్వ్యూ’, ‘కలకత్తా 71’, ‘పదాతిక్’ విస్తృతంగా చర్చకు వచ్చినవే. ఇక్కడ గమనించవలసినది ఆయన తీసుకున్న కథల భాషకూ చిత్రాల భాషకూ మధ్య ఉన్న ఎడం. ‘నీల్ ఆకాశేర్ నీచే’ (1959) బెంగాలీ చిత్రం. మూలం మహాదేవి వర్మ హిందీ రచన. ‘భువన్ షోమ్’ (1969) హిందీ చిత్రం. మూలం బనఫూల్ బెంగాలీ కథ. ‘మృగయా’ (1976) హిందీ చిత్రం. మూలం భగవతీ చరణ్ పాణిగ్రాహి ఒడియా కథ. ‘ఖండహర్’ (1984) హిందీ చిత్రం. మూలం ప్రేమేంద్ర మిత్ర బెంగాలీ కథ. బెంగాలీకి వెలుపల ఆయన తీసిన ప్రధాన కథాచిత్రాలలో మూలభాషలోనే నిలిచినది ‘మాటిర మనిష’ (1966) ఒక్కటే. ఆ ఒడియా నవలాకర్త కాళిందీ చరణ్, ‘మృగయా’ మూలకథకుడు భగవతీ చరణ్ అన్నదమ్ములు కావడం ఒక విశేషం.

భాష మారినప్పుడు కథ తన సాహిత్య ప్రతిష్ఠను కొంత వదులుకుంటుంది. హిందీ పాఠకునికి ‘కఫన్’ పాఠ్యపుస్తకాల ద్వారా పరిచితమైన కథ. ఘీసూ, మాధవ్ పేర్లు వినగానే ముగింపు గుర్తుకు వస్తుంది. తెలుగు పల్లెలో వెంకయ్య, కిష్టయ్యలుగా మారిన తండ్రీకొడుకులను ప్రేక్షకుడు ఆ బరువు లేకుండా కలుసుకుంటాడు. సేన్‌కు కావలసినది ఈ అపరిచితత్వమేనని భావించడానికి ఆయన చిత్రాల వరుస ఆధారమిస్తున్నది.

1930ల నడుమ వెలువడిన ‘కఫన్’లో కోడలు బుధియా గుడిసెలో ప్రసవవేదనతో మూలుగుతూ ఉంటుంది, బయట మామా, మగడూ కాల్చిన బంగాళాదుంపలు తింటుంటారు. కథలో ఆమె ఉనికి ప్రధానంగా ఆ మూలుగే. ఆమె వచ్చాక ఇల్లు ఒక తీరుకు వచ్చిందనీ, ఇద్దరు మగవాళ్ల సోమరితనం మరింత పెరిగిందనీ ప్రేమ్‌చంద్ కొద్ది మాటలలో చెప్పి ముందుకు సాగుతారు. సేన్ ఆ కొద్ది మాటలనే చిత్రంలో పెద్ద భాగంగా విస్తరించారు. నీలమ్మ పెళ్లయి వస్తుంది, పని చేస్తుంది, మామను ఎదిరిస్తుంది.

ఈ విస్తరణ విమర్శపరంగా కీలకమైనది. దళితులైన తండ్రీకొడుకులను సోమరులుగా, మానవత్వం కోల్పోయినవారుగా చిత్రించారని ‘కఫన్’పై హిందీ దళిత సాహిత్య విమర్శ బలమైన అభ్యంతరం లేవనెత్తింది. సేన్ వెంకయ్య సోమరి కాడు. పనిని నిరాకరించే వాడు. ఎంత చెమటోడ్చినా లాభం ఆసామికే పోయేటప్పుడు పని చేయడం తెలివితక్కువ అన్నది అతని వాదం. దూషణగా ఉన్నదాన్ని చిత్రం తర్కంగా మార్చింది. అయితే ఆ తర్కానికి తిండి పెట్టేది నీలమ్మ చేతులు. ఆసామికి శ్రమను ఇవ్వనన్నవాడు కోడలి శ్రమను అడగకుండానే తీసుకుంటాడు. వెంకయ్యను తిరుగుబాటుదారుగా మాత్రమే కీర్తించే వ్యాఖ్యానాలు ఈ అంశాన్ని దాటవేస్తాయి. చిత్రం మాత్రం దాటవేయలేదు. అయినా వెంకయ్య మాటల పట్ల దర్శకుని మోజు కొన్నిచోట్ల నీలమ్మ పక్షాన్ని పలచబరిచింది.

నటవర్గం కూడా బహుభాషికమే. వెంకయ్యగా నటించిన ఎం.వి. వాసుదేవరావు ‘చోమన దుడి’ (1975) ద్వారా పేరుపొందిన కన్నడ నటుడు. నీలమ్మ పాత్రధారిణి మమతా శంకర్ బెంగాలీ నటి. నారాయణరావు కిష్టయ్యగా కనిపిస్తారు. సంభాషణలు యండమూరి వీరేంద్రనాథ్‌వి. ఇన్ని భాషల కలయికలో చిత్రం మాటకన్నా శరీరం మీదే ఎక్కువగా ఆధారపడింది. వాసుదేవరావు కూర్చునే తీరు, చూపు చెప్పినంత గట్టిగా ఆ పాత్ర పలుకుబడి ఒక ప్రాంతాన్నీ ఒక కులాన్నీ చెప్పదు. పల్లెకథకు ఇది చిన్న లోపం కాదు.

ఆ దశకంలో తెలుగు పల్లెను తెరకెక్కించిన మరికొన్ని ముఖ్యచిత్రాలకూ ఈ పరాయి మూలం ఉంది. శ్యామ్ బెనగల్ తెలంగాణ నేపథ్యంతో ‘అంకుర్’ (1974), ‘నిశాంత్’ (1975) హిందీలో తీశారు. గౌతమ్ ఘోష్ ‘మా భూమి’కి కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారం. కాగా, కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ 1960లలోనే వెలువడింది. అందులోనూ తండ్రీకొడుకులున్నారు. అప్పు తీర్చడానికి తండ్రి అప్పల్రాముడు ఒప్పుకుంటే, తన కొడుకు పాలేరు బతుకు బతకకూడదని సీతారాముడు ఆ పసివాణ్ణి నరికివేస్తాడు. వెంకయ్య శ్రమను నిరాకరించాడు. సీతారాముడు రాబోయే శ్రామికుణ్ణే నిరాకరించాడు. ‘కఫన్’ కన్నా ఈ కథ అప్పు, భూమి, పంచాయితీల పనితీరును లోతుగా చూపింది. అయినా ఆ దశకపు తెలుగు సమాంతర చిత్రాలలో కొన్నింటికి మూలాలు హిందీ, ఉర్దూ కథల నుంచి వచ్చాయి. ‘ఒక ఊరి కథ’ను చదవవలసింది ‘కఫన్’ పక్కన మాత్రమే కాదు, ‘యజ్ఞం’ పక్కన కూడా.