రావిచెట్టు కింద వదిలిన పటాలు

నకిరేకల్ నుంచి సూర్యాపేట దిక్కు పోతుంటే టేకుమట్ల దగ్గర మూసీ వంతెన వస్తుంది. అక్కడ కొన్ని కార్లు నెమ్మదిస్తాయి. అద్దం దిగుతుంది, ముడేసిన కవరొకటి రెయిలింగు మీదుగా నీళ్ళలో పడుతుంది, లోపలున్న పెద్దావిడ చేతులు జోడిస్తుంది. ఆ కవర్లో వాడిన దండలు, పగిలిన పటాలు, పాత పంచాంగాలు, అట్ట ఊడిన సుందరకాండ ఉంటాయి. పారే నీళ్ళలో వదలాలన్న పెద్దల మాటను ఆమె నిష్ఠగానే పాటించింది. కానీ అక్కడ పారేది హైదరాబాద్ మురుగును మోసుకొచ్చే మూసీ. కాళ్ళు కడుక్కోవడానికి కూడా వెనకాడే నీళ్ళలో, రోజూ దీపం పెట్టిన పటాన్ని ప్లాస్టిక్ కవర్లో కట్టి ఎట్లా వదలగలుగుతున్నాం?

మూసీ దాకా పోలేనివాళ్ళకు రావిచెట్టు ఉంది. మా దిక్కు ఏ ఊళ్ళో చూసినా రావి, వేప కలిసి పెరిగిన గద్దెకు దేవుళ్ళ పటాలు ఆనించి ఉంటాయి. నాలుగు వానలకు రంగు దిగిపోతుంది. అద్దం పగిలి, ప్రదక్షిణ చేసేవాళ్ళ కాళ్ళకు పెంకులు గుచ్చుకుంటాయి. చివరికి వాటిని చెత్తతోపాటు ట్రాక్టరుకెత్తాల్సిన పని పారిశుద్ధ్య కార్మికుల మీద పడుతుంది. పూజ మనం చేసి, పారేయడానికి మనకున్న భయాన్ని వాళ్ళ నెత్తిన పెట్టడం నాకు న్యాయంగా తోచదు.

తాతముత్తాతల కాలంలో ఈ చిక్కు ఇంతగా లేదు. 1894లో రాజా రవివర్మ బొంబాయిలో లిథో ప్రెస్సు పెట్టాక లక్ష్మీ సరస్వతులు అచ్చుకాగితం మీద మామూలు ఇళ్ళకూ చేరారు. తర్వాత బంగారు దుకాణాల క్యాలెండర్లు, అగరుబత్తి ప్యాకెట్లు, బియ్యం సంచులు వచ్చాయి. దేవుడి రూపం ఇన్ని తీర్ల అచ్చవుతున్నా, దాన్ని సాగనంపే పద్ధతి మట్టి వినాయకుడి దగ్గరే ఆగిపోయింది.

పద్ధతి లేక కాదు. జీర్ణమైన విగ్రహాల గురించి చెప్పేచోట అగ్నిపురాణం చెక్కదాన్ని అగ్నికి, రాతిదాన్ని నీటికి అప్పగించమంటుంది. ఏ వస్తువుకు తగిన దారి ఆ వస్తువుకుంది. పూరీలో 2015 నవకళేబరం నాడు జగన్నాథుడి పాత దారుమూర్తిని గుడి ఆవరణలోని కొయిలి వైకుంఠంలో పాతిపెట్టారు. అది చేసేది ఆ స్వామిని కొలిచే దైతాపతులే. ఇంటి మనిషి పోయినట్టు మైల కూడా పడతారు. సేవ చేసిన చేతులే సాగనంపుతాయి కాబట్టే నాకు ఆ ఆచారమంటే అంత గౌరవం.

మా ఊళ్ళల్లో పీర్ల పండుగ చూసినవాళ్ళకూ ఇది కొత్త కాదు. పదోనాడు పీర్లను చెరువుకో బావికో తీసుకుపోయి కడుగుతారు. పూలు విప్పుతారు, లోహపు పీరును మాత్రం బట్టలో చుట్టి మళ్ళా పెట్టెలో భద్రం చేస్తారు. ఖురాన్ పుటలు చిరిగితే ముస్లింలు శుభ్రమైన బట్టలో చుట్టి, ఎవరి కాళ్ళూ పడని చోట పాతిపెడతారు.

అమ్మ పోయాక ఆమె దేవుడి అర్రలోని పటాలను విప్పే పని నేనే పెట్టుకున్నాను. ముందు పసుపు కుంకుమ పెట్టి, ఉద్వాసన చెప్పి, వినాయకుణ్ణి కదిపినట్టు ఒక్కో పటాన్ని కొంచెం కదిపాను. అద్దం మీద ఏళ్ళ తరబడి పెట్టిన బొట్లు పొరలు పొరలుగా గట్టిపడి ఉన్నాయి. తడిబట్టతో నానబెడితే గాని ఊడలేదు. పటం బోర్లించి, వెనక అట్టకంటించిన కాగితం చింపి, తుప్పుపట్టిన సన్న మేకులను పట్టకారుతో ఒక్కొక్కటే లాగాలి. తొందరపడితే అద్దం మూల పగులుతుంది. అద్దం, ఫ్రేము పటాలు కట్టే దుకాణానికిచ్చాను. దుకాణమాయన సంతోషంగా తీసుకున్నాడు, టేకు ఫ్రేము ఇంకో పటానికి పనికొస్తుందన్నాడు. ఇక చేతిలో మిగిలింది ఒట్టి కాగితం.

దాన్ని కర్పూరంతో వెలిగించబోతుంటే మేనత్త అడ్డమొచ్చింది. "దేవుని పటం అగ్గిల ఏస్తవార?"

"ఉద్వాసన చెప్పినంక కాగితమే గద అత్తమ్మా. చెత్తల పడితె మంచిగుంటదా?"

ఆమె కాసేపు నిలబడి, లోపలికి పోయి నెయ్యి గిన్నె తెచ్చింది. బూడిద చల్లారాక తులసికోటలో కలిపింది కూడా ఆమే. ప్లాస్టిక్ పూత ఉన్న కాగితాలు మాత్రం కాల్చకూడదు, పాతినా మట్టిలో కలవవు. వాటిని విడిగా తీసి పాత కాగితాలతో ఇవ్వడం తప్ప నాకు వేరే దారి తోచలేదు.

పుస్తకాల విషయంలో ఇంత చొరవ పనికిరాదు. పోతన భాగవతాన్ని సింగభూపాలుడు మట్టిలో పాతిపెట్టించాడని, శిథిలమైన భాగాలను గంగన, సింగన, నారయలు పూరించారని కథ. ఆ రాజుల రాచకొండ మనకు ఎంతో దూరం లేదు. కథ నిజమో కాదో గాని, మట్టిలో కలిస్తే తిరిగిరాని పుస్తకం ఉంటుందన్న భయం మాత్రం మనవాళ్ళకు ఉంది. తమిళ పండితుడు ఉ.వే. స్వామినాథ అయ్యర్ తాళపత్రాల కోసం కరివలంవందనల్లూరు గుడికి పోతే, పాతవాటిని శాస్త్రప్రకారం నేతిలో ముంచి హోమం చేసేశామన్నారట. భక్తితో చేసిన పనే. ఏమేం కాలిపోయాయో చెప్పేవాళ్ళు లేరు. ఇంట్లో తాటాకుల కట్ట గాని, చేతిరాత యక్షగానం ప్రతి గాని దొరికితే గుంత తవ్వకముందు ఉస్మానియా ఆవరణలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చూపించాలి. అచ్చుపుస్తకం చదవగలిగే స్థితిలో ఉంటే గుడికో, గ్రంథాలయానికో ఇవ్వాలి. ముట్టుకుంటే పొడి అయ్యేదాన్నే మట్టికివ్వాలి.

ఊరికొక ఏర్పాటుంటే ఇంకా మేలు. గుడి కమిటీ ప్రహరీ లోపల ఓ మూల గుంత తవ్వి, కార్తీకంలో ఒక రోజు చెబితే, ఎవరి పటాలు వాళ్ళే విప్పుకొని తెచ్చుకుంటారు. అంతకన్నా ముందు తగ్గించుకోగలిగింది మన చేతిలోనే ఉంది, శుభలేఖ. ఇంటికి వచ్చే ప్రతి కార్డు మీద వేంకటేశ్వరుడో వినాయకుడో ఉంటాడు, పెళ్ళి కాగానే ఆయన్ను ఏం చేయాలో ఎవరికీ తెలియదు. మాఘంలో మా ఇంట్లో పెళ్ళి ఉంది. పసుపు రాసిన కాగితం మీద పేర్లు, ముహూర్తం, విందు వేళ చాలని ప్రెస్సులో చెప్పి వచ్చాను.