పటం వెనకున్న కొలత

భూగోళశాస్త్రంలో మొదటి పని ఒక చోటు ఎక్కడుందో తేల్చడం. ఆ వాగు ఎటు పారుతుంది, ఈ ఊరు ఇక్కడే ఎందుకు వెలిసింది, జనం ఒకచోట కిక్కిరిసి మరోచోట ఎందుకు పలచబడ్డారు అన్న ప్రశ్నలన్నీ ఆ తర్వాతివే. చోటును చెప్పడానికి అక్షాంశం, రేఖాంశం అనే రెండు కోణాలు చాలు. చార్మినార్ సుమారుగా 17 డిగ్రీల 22 నిమిషాల ఉత్తర అక్షాంశం, 78 డిగ్రీల 28 నిమిషాల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. ఒక డిగ్రీ అక్షాంశం నేల మీద దాదాపు 111 కిలోమీటర్లు. రేఖాంశాలు ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ దగ్గరవుతాయి కాబట్టి, హైదరాబాద్ దగ్గర వాటి మధ్య దూరం డిగ్రీకి 106 కిలోమీటర్లే.

చోటు తేలాక స్కేలు తేలాలి. 1:50,000 పటంలో రెండు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. అందులో చెరువు, గుడి, కాలిబాట, బావి కనిపిస్తాయి. 1:10,00,000 పటంలో ఒక్క సెంటీమీటరులో పది కిలోమీటర్లు ఇముడుతాయి. జిల్లాలు కనిపిస్తాయి, చెరువులు మాయమవుతాయి. ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్నది పటం గీసేవారి వివేకం. అందుకే ఏ పటమైనా నేలకు నకలు కాదు, నేల గురించి ఒక ఎంపిక. అయితే ఆ ఎంపిక ఊహ మీద కాదు, కొలత మీద నిలబడాలి.

కొలతల్లో పాతది గొలుసు. గంటర్ గొలుసు పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. ఆంధ్ర ప్రాంతంలో రైతు చెప్పే సెంటు ఈ లెక్కలోదే. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. తెలంగాణలో గుంట అంటే 33 అడుగుల చదరం, 40 గుంటలు ఎకరం. పొలాన్ని త్రిభుజాలుగా విడగొట్టి, భుజాలు కొలిచి, వైశాల్యం కట్టడం గొలుసు సర్వే పద్ధతి. ఒక గ్రామానికి ఇది సరిపోతుంది. దేశానికి సరిపోదు. కొండలు, అడవులు, ఏరులు దాటుతూ గొలుసు పరచడం అసాధ్యం. పైగా గొలుసు పరిచిన ప్రతిసారీ మిగిలే చిన్న తేడా వందల మైళ్లకు పెద్ద తప్పవుతుంది.

దానికి దొరికిన జవాబు త్రిభుజీకరణ. ఒకే ఒక్క రేఖను అతి జాగ్రత్తగా కొలవాలి. దాని రెండు చివరల నుంచి దూరంలోని ఒక కొండ శిఖరం ఏ కోణంలో కనిపిస్తుందో చూడాలి. ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగిలిన భుజాలు లెక్కలో వస్తాయి. వాటిలో ఒకటి తర్వాతి త్రిభుజానికి ఆధారమవుతుంది. ఇక గొలుసు పని తగ్గి, చూపు పని పెరుగుతుంది.

1802 ఏప్రిల్ 10న మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ సమీపంలో సర్వేయర్ విలియం లాంబ్టన్ ఆధార రేఖ కొలత మొదలుపెట్టాడు. దాదాపు 12 కిలోమీటర్ల రేఖ. కొలవడానికి 57 రోజులు పట్టింది. ఉక్కు గొలుసును నేల మీద కాకుండా చెక్క తొట్లలో ఉంచి, ఎండ తగలకుండా గుడారాల నీడ పట్టి, థర్మామీటర్లతో వేడి చూస్తూ కొలిచారు. అంత శ్రద్ధ అవసరమే. ఒక్క సెల్సియస్ డిగ్రీ వేడి పెరిగితే 12 కిలోమీటర్ల ఉక్కు దాదాపు 14 సెంటీమీటర్లు సాగుతుంది. కోణాలు చూసే పెద్ద థియోడొలైట్ బరువు అర టన్ను. 1808లో తంజావూరు గోపురం మీదికి ఎత్తుతుండగా తాడు తెగి అది గోపురానికి కొట్టుకుంది. వంగిపోయిన వలయాన్ని లాంబ్టన్ గుడారంలో కూర్చుని ఆరు వారాల పాటు తన చేతులతోనే సరిచేశాడు.

ఆ త్రిభుజాల గొలుసు తెలుగు నేల గుండానే ఉత్తరానికి సాగింది. గుత్తి దగ్గర మరో ఆధార రేఖ కొలిచారు. లెక్కలో వచ్చిన పొడవు, నేల మీద కొలిచిన పొడవు కలుస్తాయా లేదా అని పరీక్షించడానికే ఇలా మధ్య మధ్య రేఖలు కొలిచేవారు. త్రిభుజంలోనే మరో పరీక్ష ఉంది. భూమి గుండ్రం కాబట్టి పెద్ద త్రిభుజం కోణాల మొత్తం 180 డిగ్రీలకు కాస్త మించాలి. దాదాపు 197 చదరపు కిలోమీటర్లకు ఒక కోణ సెకను చొప్పున. అంతకంటే తేడా వస్తే అది పరికరం తప్పో, చూసినవారి తప్పో. తన తప్పును తానే పట్టించే ఈ గుణమే ఈ విద్యకున్న అసలు గొప్పతనం.

కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో 1819లో సర్వే బృందాన్ని జ్వరాలు కూల్చేశాయి. జబ్బుపడిన వారిలో లాంబ్టన్ సహాయకుడు జార్జ్ ఎవరెస్ట్ ఒకడు. 1823లో లాంబ్టన్ మహారాష్ట్రలోని హింగన్‌ఘాట్‌లో పని మీద ఉండగానే చనిపోయాడు. తర్వాత ఎవరెస్ట్ ఆ త్రిభుజాల గొలుసును హిమాలయాల పాదాల దాకా, కన్యాకుమారి నుంచి లెక్కిస్తే సుమారు 2,400 కిలోమీటర్ల పొడవున, పూర్తి చేయించాడు. జెండాలు మోసినవారు, దీపాలు పట్టినవారు, గుట్టలెక్కి చెట్లు నరికినవారు వేలమంది. వారిలో చాలామంది పేర్లు ఎక్కడా లేవు.

ఈ కొలతల్లో తేలిన ఒక చిన్న తేడా భూగర్భ శాస్త్రాన్నే మార్చింది. ఉత్తరప్రదేశ్‌లోని కలియానా, మధ్యప్రదేశ్‌లోని కల్యాణ్‌పూర్ మధ్య అక్షాంశ తేడాను త్రిభుజాల లెక్కతో ఒకసారి, నక్షత్రాలను చూసి ఒకసారి కట్టారు. రెండింటికీ 5 సెకన్ల పైచిలుకు తేడా వచ్చింది. నేల మీద దాదాపు 160 మీటర్లు. తూకపు గుండును హిమాలయాల బరువు తన వైపు లాగడమే కారణమని అనుకున్నారు. కానీ గణితవేత్త జాన్ ప్రాట్ లెక్క కట్టి చూస్తే, కనిపించే కొండల బరువుకు ఆ లాగుడు 15 సెకన్లకు పైగా ఉండాలి. ఉన్నది మూడో వంతే. కొండల అడుగున తేలికైన పదార్థం ఉండి ఆ బరువును సరితూస్తోందని 1855లో ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ ఎయిరీ వివరించాడు. పర్వతాలకు లోతైన వేళ్లున్నాయన్న భావన అలా పుట్టింది. తేడాను సర్దేసి పక్కన పెట్టి ఉంటే ఆ సంగతి బయటపడేది కాదు.

ఎత్తును కొలవడానికి మొదట సముద్ర మట్టం తేలాలి. ఏళ్ల తరబడి ఆటుపోట్లను నమోదు చేసి సగటు కడతారు. 1909 నాటి జాతీయ లెవెలింగ్‌కు ఆధారమైన తొమ్మిది రేవు కేంద్రాల్లో విశాఖపట్నం ఒకటి. రైల్వే స్టేషన్ బోర్డు చివర కనిపించే ఎత్తు ఈ సముద్ర మట్టం నుంచి లెక్కించినదే. శిఖరాల ఎత్తు మాత్రం కోణాలతో తేల్చారు. రాధానాథ్ సిక్దర్ వంటి గణకుల లెక్కలతో 15వ శిఖరం, అంటే ఇప్పటి ఎవరెస్ట్ శిఖరం, ఎత్తు 29,002 అడుగులని, అదే అన్నిటికంటే ఎత్తైనదని 1856లో ప్రకటించారు. 150 కిలోమీటర్లకు పైగా దూరం నుంచి చూసి కట్టిన ఆ ఎత్తుకు, 2020లో నేపాల్, చైనా ప్రకటించిన 8,848.86 మీటర్లకు తేడా తొమ్మిది మీటర్లే.

ఈ శ్రమంతా చదువరి చేతికి టోపోషీట్‌గా అందుతుంది. దేశాన్ని నాలుగేసి డిగ్రీల గళ్లుగా, వాటిని ఒక్కో డిగ్రీగా, మళ్లీ పదిహేనేసి నిమిషాలుగా విడగొట్టి అంకెలిచ్చారు. ఆ పద్ధతిలో హైదరాబాద్ నగరం నడిబొడ్డు 56కె/7 షీటులోకి వస్తుంది. గోధుమరంగు గీతలు కాంటూర్లు, అంటే ఒకే ఎత్తున్న బిందువులను కలిపే సమోన్నత రేఖలు. అవి దగ్గరైతే నిట్టనిలువు వాలు, ఎడమైతే మెల్లని నేల. వంపు తిరిగిన మొన ఎత్తు వైపు చూపితే అది లోయ, వాగు దారి. ఈ గీతలు చదవగలిగినవారికి తెలంగాణ గొలుసుకట్టు చెరువుల తర్కం కాగితం మీదే కనిపిస్తుంది. లోయ ఇరుకైన చోట కట్ట, దాని వెనక నీరు, అలుగు పారితే కింది చెరువుకు దారి.

కొలత ఒక్కటే చోటును పూర్తిగా చెప్పదు. 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ ఈ సంగతి గ్రహించాడు. ఏలూరుకు చెందిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఆయన కోసం శాసనాలు, గ్రామ చరిత్రలు సేకరించారు. అలా పోగైన కైఫీయతులు ఊరి పుట్టుక, చెరువులు, గుళ్లు, పాలెగాళ్ల సంగతులు చెబుతాయి. నేలను కొలిచే చేయి, మనుషులను అడిగే నోరు రెండూ భూగోళశాస్త్ర పనిముట్లే. పాఠశాలల్లో మొదటిది కొంత మిగిలింది. రెండోది దాదాపు మరుగున పడింది. ఇది తీరని లోటు.

ఇప్పుడు కొండలెక్కే పని ఉపగ్రహాలకు వెళ్లింది. నాలుగు ఉపగ్రహాల సంకేతాలు చేరిన సమయాలను బట్టి గ్రాహకం తన స్థానం కడుతుంది. సమయంలో సెకనులో పది లక్షలవ వంతు తేడా వస్తే దూరంలో 300 మీటర్ల తేడా. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు, నిరంతరం పనిచేసే ఉపగ్రహ సంకేత కేంద్రాలు వాడారు. పాత పటాలకు ఆధారం భూమి ఆకారానికి నమూనాగా తీసుకున్న 1830 నాటి ఎవరెస్ట్ గోళాకృతి; 2005 జాతీయ పటాల విధానం తర్వాత ప్రజలకిచ్చే షీట్లకు ప్రపంచమంతా వాడే డబ్ల్యూజీఎస్-84. ఒకే సర్వే రాయికి ఈ రెండింటిలో అంకెలు వేరు. ఈ సంగతి మరచి పాత అంకెలను కొత్త పరికరంలో పెడితే హద్దు పక్క పొలంలోకి జరుగుతుంది.

1767లో ఏర్పడిన సర్వే ఆఫ్ ఇండియా తన ఓపెన్ సిరీస్ షీట్లను ఇప్పుడు ఆన్‌లైన్‌లో అందిస్తోంది. మీ ఊరి షీటు తీసుకుని ఊరి చెరువు గట్టు మీద నిలబడండి. కాంటూరు చెప్పిన వాలు, వాగు చెప్పిన దారి ఎదురుగా ఉన్నాయో లేదో చూడండి. పటంలో తప్పు కనిపిస్తే ఆ శాఖకు రాయండి.