గరివిడి మాంగనీసు: ఇస్నాద్ లేని వృత్తాంతం

విజయనగరం ప్రాంతంలో మాంగనీసు తవ్వకం 1892లో మొదలైంది. భారతదేశంలో ఆ పరిశ్రమకు నాంది అదే. దాని చరిత్ర వ్రాయబూనినవారు నేటికీ ముందుగా తెరిచేది భూగర్భ పరిశోధన శాఖవారు 1909లో ప్రకటించిన ఫెర్మర్ ఉద్గ్రంథాన్ని. వెయ్యికి మించిన పుటలు గల ఆ గ్రంథం పాండిత్యంలో సాటిలేనిది. అందులో మాట్లాడే గొంతు ఎవరిదన్నదే ప్రశ్న.

గరివిడిలోను, నాగపూరు జిల్లా బెల్డోంగ్రిలోను దొరికిన ఒక ఖనిజానికి ఫెర్మర్ తన శాఖలోని ఉద్యోగి పేరిట 'వ్రెడెన్‌బర్గైట్' అని నామకరణం చేశాడు. కోడూరు గనిని బట్టి ఒక శిలను 'కోడురైట్' అన్నాడు. అంతకు మునుపే వాకర్ అనే శాస్త్రజ్ఞుడు తూర్పు కనుమల శిలకు ఖోండు గిరిజనుల పేరిట 'ఖోండలైట్' అని పేరుంచాడు. అధికారి పేరు, ఊరి పేరు, ఒక జాతి పేరు సైతం రాళ్లకు దక్కాయి. గునపం పట్టినవాని పేరు ఏ రాయికీ దక్కలేదు. (వ్రెడెన్‌బర్గైట్ ఒకే ఖనిజం కాదు, రెండు ఖనిజాల కలయిక అని తరువాతివారు తేల్చారు. అయినా ఆ పేరు గ్రంథాలలో నిలిచే ఉంది!)

గనుల శాఖ నివేదికలలో కూలీలు కనిపించకపోరు. ఇందరు పురుషులు, ఇందరు స్త్రీలు అని అంకెలుగా కనిపిస్తారు. ఖనిజాన్ని పగులగొట్టి, మేలురకం ఏరి, గంపలతో నెత్తిన మోసిన స్త్రీ అక్కడ ఒక గడిలోని అంకె మాత్రమే. రాయిని చేత పట్టి మంచిచెడ్డలు గుర్తించిన ఆమె పరిజ్ఞానం శాస్త్రజ్ఞుని బల్లపైకి చేరే నమూనాకు తొలిమెట్టు. ఆ మెట్టును ఎవరూ నమోదు చేయలేదు.

హదీసు విద్య ఎరిగినవారికి ఈ లోపం వెంటనే తడుతుంది. ఇక్కడ మత్న్ ఉంది, ఇస్నాద్ తెగిపోయింది. ముహద్దిసులు చెప్పిన మాటతోపాటు చెప్పినవారి పేరును, ఆ పేరు వెనుక మరొక పేరును అడిగారు. ఇమామ్ మాలిక్, నాఫె, హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ అనే పరంపరను విమర్శకులు 'సువర్ణ శృంఖల' అన్నారు. అందులో నడుమనున్న నాఫె విముక్తి పొందిన బానిస. 845లో మరణించిన ఇబ్నె సాద్ తన 'తబఖాత్' చివరి సంపుటాన్ని స్త్రీలకే కేటాయించాడు. అచ్చుయంత్రం లేని కాలంలో సాధ్యమైన పని 1909 నాటి కలకత్తాలో అసాధ్యమా? అక్కర లేకపోయింది, అంతే.

నోటిమాట నమ్మదగినది కాదని చరిత్రకారులు సాకు చెబుతారు. ముహద్దిసులు కూడా విన్నదంతా నమ్మలేదు. 'జర్హ్ వ తాదీల్' పేరిట ప్రతి సాక్షినీ నిగ్గు తేల్చారు. అయితే ముందు వ్రాసుకొని, తరువాత పరీక్షించారు. గరివిడి గనుల విషయంలో పరీక్షకు ముందే సాక్షులను తోసిపుచ్చారు. పూర్తిగా సమయం మించలేదు. గని కుటుంబాలలో తాతమ్మల మాటగా నిలిచినది ఏమైనా ఉంటే, ఎవరు ఎవరివద్ద విన్నారో పేర్లతో సహా వ్రాసి, కంపెనీ లెక్కలతో సరిచూడవచ్చు. కంపెనీ లెక్కలకూ అదే పరీక్ష పెట్టాలి: ఆ అంకె ఎవరు చెప్పారు, ఎవరు లెక్కించారు, తక్కువ చూపితే లాభం ఎవరికి?