అరువు నీళ్ల మీద ఆట

పులికాట్‌లో ఫ్లెమింగోలను చూసి వచ్చినవాళ్లకు కణేకల్ చెరువు ఆనదు. అక్కడ ఆకాశం, నీరు, పక్షుల గుంపు ఒకదాంట్లో ఒకటి కరిగిపోతాయి. కంటికి తగిలేది రాశి. ఇక్కడ సంగతి వేరు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే అనంతపురం జిల్లా, హగరి ఒడ్డున గాలికి లేచి పొలాల మీదికి పాకే ఇసుక దిబ్బలు, వాటి మధ్య ఈ నీళ్లు. చుట్టూ ఇంత ఎండు రంగు ఉంటే ఒక్క తెల్లకొంగ వాలినా చాలు, బొమ్మ నిండుతుంది. రసికుడెవరైనా అడిగితే నేను కణేకల్ పేరే చెబుతాను.

నీళ్లేమో ఈ నేలవి కావు. ఎక్కడో పడమటి కనుమల్లో కురిసిన వాన తుంగభద్ర డ్యాంలో ఆగి, హెచ్చెల్సీ అనే ఎగువ కాలువ వెంట నడిచొస్తుంది. కట్ట మీద మేకలు తోలుకుపోతున్న పెద్దాయనను పిట్టలెప్పుడొస్తాయని అడిగితే, "కాలవకు నీళ్లిడిస్తే అవే వస్తాయి సామీ, వాటికి ఎవురు చెప్పల్ల?" అన్నాడు.

ఎండ కాస్త వాలాక తూము దగ్గర బొల్లి లకుముకి గాలిలో నిలబడింది. నలుపు, తెలుపు తప్ప మరో రంగు ఎరగని పిట్ట. మగదాని రొమ్ము మీద రెండు నల్ల పట్టీలు; ఆడదానికి ఒకటే, అదీ నడుమ తెగి ఉంటుంది. ఇది మగది. రెక్కలు కంటికి అందనంత వడిగా కొట్టుకుంటున్నాయి, తల మాత్రం కదలదు, ముక్కు నిట్టనిలువుగా నీళ్లకేసి. గాలి ఎగదోస్తే ఒళ్లంతా సర్దుకుంటుంది, చూపు సర్దుకోదు. ఆలంకారికులు ఈ చెరువు గట్టున కూర్చుని ఉంటే ఉదాహరణకు వెతుక్కునేవారు కాదు: రెక్కలది సంచారి, తలది స్థాయి. ఉన్నట్టుండి రెక్కలు ముడిచి దభాలున పడింది. చేప చిక్కలేదు. కొంచెం అవతలికి పోయి మళ్లీ అదే భంగిమ. చిక్కకపోవడమే నయమనిపించింది, స్వార్థంతోనే. చేప దొరికితే ఆట అయిపోతుంది కదా!

ఎర్రకాళ్ల కొంగలది విలంబితం. వీరాపురం చింతచెట్ల మీద గూళ్లు పెట్టి, ఊరివాళ్ల కాపుదలలో పిల్లల్ని పెంచుకునేవి ఈ జాతివే. ముక్కు సగం తెరిచి నీళ్లలో ముంచి, అటూ ఇటూ తిప్పుతూ నడుస్తాయి; వేటంతా తాకిడితోనే. ఇంత నెమ్మదస్తులకు తోక దగ్గర ఆ గులాబీ ఈకల ఆర్భాటం ఎందుకో! ఇక హాస్యానికి బొల్లికోళ్లున్నాయి. ఎగరాలంటే ముందు నీళ్ల మీద టపటపా పరుగెత్తాలి, పరుగెత్తీ పరుగెత్తీ సగం దూరంలోనే మనసు మార్చుకుని కూలబడతాయి.

కాలువ కట్టేశాక చెరువు తగ్గి, అంచుల్లో బురద తేలుతుంది. ఉత్తరాది చలి దేశాల నుంచి దిగే ఉల్లంకి పిట్టలకు కావలసింది ఆ బురదే. బూడిదరంగు ఒళ్లు, బురదరంగు నేల, కదిలితే తప్ప పిట్ట ఉందనే తెలియదు. ఫొటోలవాళ్లు అప్పటికే మూటాముల్లె సర్దేసుకుంటారు. నాకు మాత్రం మొదటి అంకం కన్నా ఈ రెండోదే ఇష్టం.